ముప్పై రెండో అట్ట

అట్టలన్నీ తెల్లగా తిరిగొచ్చాయి.

గాలి మాస్టారు మొదటి అట్టను బల్ల మీద పెట్టి, పైన గళ్ళ ప్లాస్టిక్ కాగితం పరిచి, భూతద్దం మీదికి వంగాడు. ఒక గడిలో ఎన్ని నల్ల నలుసులు అంటుకున్నాయో పెన్సిలు మొనతో చూపిస్తూ లెక్కపెట్టాడు. నాలుగు. పక్క గడిలో మూడు. రెండో అట్టలో ఐదు. మూడో అట్టలో నాలుగు. భూతద్దాన్ని చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ చూశాడు. అద్దం తప్పేమీ లేదు.

పది రోజుల కిందట ఆ ముప్పై ఒక్క అట్టలనూ ఆయనే కోశాడు. అరచేయంత ముక్కలు. ఒక్కోదానికి చిల్లు పొడిచి దారం కట్టి, బొటనవేలితో పలచగా వాజెలిన్ పూసి, మూలన నంబరు వేసి ఈ తరగతి పిల్లలకు పంచాడు. వంటింటి కిటికీకి బయటివైపు కట్టండి, పది రోజులు ముట్టుకోకండి, కంటికి కనపడని దుమ్మంతా దానికి అంటుకుంటుంది అని చెప్పాడు. ల్యాబ్ అటెండరుగా రిటైరయ్యాక, బళ్ళో గాలి పాఠం చెప్పమని ఆరోగ్యశాఖ వాళ్ళు ఆయనకిచ్చిన దుమ్ము కొలిచే యంత్రం ఒకటుంది, భోజనం డబ్బా అంత. అది పదింటికి ఆయన చంకలో బడికొస్తుంది, నాలుగింటికి ఆఫీసుకు పోతుంది. వీధి చివర ఫౌండ్రీలో కొలిమి వెలిగేదేమో తెల్లవారుజామున నాలుగింటికి. బడి గంట కొట్టేసరికి ఇనుము పోత ముగిసి, పొగగొట్టం పాలు తాగిన పిల్లిలా కూర్చుని ఉంటుంది. యంత్రం రోజూ పచ్చదీపమే చూపిస్తుంది. అందుకని ఈ అట్టలు.

శనివారం వార్డు ఆఫీసులో సమావేశం. ఫౌండ్రీ వాళ్ళు రెండో కొలిమికి అనుమతి అడుగుతున్నారు. అభ్యంతరం ఉన్నవాళ్ళు ఆధారంతో రావచ్చని గోడకు నోటీసు అంటించారు. ఆయన దగ్గర ఉన్న ఆధారం ఈ అట్టలే. అవి కాస్తా ఉతికి ఆరేసినట్టున్నాయి.

"మాది బాగుందా సార్?" మొదటి బెంచీలో దర్జీ కొడుకు మెడ చాచాడు.

"బాగుండటం కాదురా నాక్కావలసింది."

"మరేంటి సార్?"

"నోరు మూసుకుని కూర్చోవడం."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. పిల్లలు ఆయనకు పెట్టుకున్న రెండో పేరు ఆముదం. ఎప్పుడు చూసినా ఆముదం తాగిన ముఖమేనని. ఆయనకా సంగతి తెలుసు. మార్చుకుందామని అనుకోలేదు.

టీచరమ్మ పక్కన కూర్చుని, ఆయన చెప్పిన అంకెల్ని విడి కాగితం మీద ఎక్కిస్తోంది. ఆయనేమో రిజిస్టరులో రాస్తున్నాడు. పదహారు వరకు వచ్చింది. పదిహేడో నంబరు పిల్ల చివరి బెంచీ నుంచి లేచింది. తరగతిలో అందరికంటే పొట్టిది. అట్ట గౌనుకు తగలకుండా చేయి ముందుకు చాచి, దారం పట్టుకుని, నిండు గిన్నె మోస్తున్నట్టు నడిచొచ్చింది.

అట్ట నల్లగా ఉంది. గళ్ళ కాగితం పరిచాడు. గడి ఏదో నలుసు ఏదో తెలియలేదు. బొటనవేలితో ఒత్తి చూశాడు. వేలు నల్లబడింది.

"ఇదేంటి?"

"అట్ట సార్. పదిహేడు."

"నంబరు కనపడుతూనే ఉంది. ఈ నలుపేంటి?"

"అదే అంటుకుంది సార్."

"అదే అంటుకుందా! ఇన్ని ఇళ్ళకు అంటనిది మీ ఒక్క ఇల్లు వెతుక్కుంటూ వచ్చిందా? మీ ఇల్లేమైనా దానికి అత్తారిల్లా?"

తరగతి గొల్లుమంది. ఆ నవ్వు ఆయనకు ఊతమిచ్చింది.

"పొయ్యి మీద పట్టావా, దీపం మీద పట్టావా? నిజం చెప్పు."

"పట్టలేదు సార్. కిటికీకే కట్టాను. బయటివైపు. మీరు చెప్పినట్టే."

"నల్లగా ఉంటే సారు మెచ్చుకుంటాడని ఎవరు చెప్పారు నీకు? మసిపూసి మారేడుకాయ చేద్దామనుకున్నావా? రేపు దీన్ని నేను నలుగురిలో పెడితే నవ్వేది నిన్ను చూసి కాదు, నన్ను చూసి."

ఆయన అట్టను నడిమికి మడిచాడు. జిడ్డు జిడ్డుకు అతుక్కుంది. బల్ల కింద ఉన్న చెత్తబుట్టలో వేసి, రిజిస్టరులో పదిహేడు పక్కన 'చెల్లదు' అని రాశాడు. గుండ్రటి చక్కని అక్షరాలు.

"నా అట్ట నాకు ఇచ్చేయండి సార్."

"వెళ్ళి కూర్చో."

ఆ పిల్ల కూర్చోలేదు, ఏడవనూ లేదు. మిగతా పద్నాలుగు అట్టలూ లెక్కయ్యేదాకా బల్ల పక్కనే నిలబడింది. గంట కొట్టాక, పిల్లలంతా సంచులు సర్దుకునే గోలలో మెల్లగా అడిగింది.

"మీ ఇంటి అట్ట ఎంతొచ్చింది సార్?"

ఆయన ఇల్లు కూడా ఆ వీధిలోనే. ముప్పై రెండో నంబరు తన కిటికీకి కట్టుకుంటానని పంచిన రోజున ఆయనే గొప్పగా చెప్పాడు.

"ఐదు," అన్నాడు భూతద్దం పెట్టెలో పెడుతూ. ఆమె వైపు చూడలేదు.

ఐదు కాదు.

ఆ పొద్దున కిటికీ నుంచి విప్పినప్పుడు ముప్పై రెండో అట్ట కూడా నల్లగానే ఉంది. దాన్ని పట్టుకుని వంటింట్లో నిలబడి చుట్టూ చూశాడు. మూలల్లో బూజు, గిన్నెల అడుగున పేరుకున్న మడ్డి, మూడేళ్ళుగా ఎవరూ కడగని గోడలు. ఆడదిక్కు లేని కొంప ఇలాగే ఏడుస్తుందని వీధి అనుకుంటుంది. ఇల్లు ఊడ్చుకోవడం రానివాడు ఊరికి గాలి పాఠాలు చెబుతున్నాడంటుంది. పాత కాగితంతో అట్టను శుభ్రంగా తుడిచి, కొత్తగా వాజెలిన్ పూసి, గడ్డం గీసుకునేంతసేపు మళ్ళీ కిటికీకి కట్టాడు. గడ్డం అయ్యాక లెక్కపెట్టాడు. ఐదు. ఐదని రాసుకున్నాడు.

పదిహేడో అట్టను చూడగానే తనకు ఒళ్ళెందుకు మండిందో ఆయనకు తెలుసు. పాము కాళ్ళు పాముకే తెలుస్తాయి. కానీ ఆ తెలిసినదాన్ని అక్కడే తొక్కిపెట్టాడు. తన ఇంట్లోది మురికి, పిల్ల చేసింది మోసం. రెంటికీ సంబంధం లేదు.

సాయంత్రం యంత్రాన్ని ఆఫీసులో అప్పగించి ఇంటికొచ్చి తాళం తీశాడు. లోపల పొద్దున వదిలిన గాలే ఉంది. ఒక కంచం, ఒక గ్లాసు, ఒక చెంచా బోర్లించి ఉన్నాయి. బల్లకు రెండు కుర్చీలు. రెండోది ఖాళీగా కనపడకుండా దాని మీద పాత పేపర్లు దొంతర పెట్టాడు. ఆ దొంతర ఇప్పుడు కూర్చున్న మనిషి భుజమంత ఎత్తయింది. పొయ్యి మీది గిన్నెను పేపరు మడతతో పట్టుకుని దించాడు. వంటింటి తలుపు వెనక మేకుకు ఆయన భార్య మసిగుడ్డ వేలాడుతోంది. ఆసుపత్రికి తీసుకెళ్ళిన పొద్దున ఆమె దాన్ని అక్కడ తగిలించింది. తిరిగి రాలేదు. అప్పటి నుంచి దాన్నెవరూ ముట్టుకోలేదు. అది గౌరవమనుకుంటే పొరపాటు. ఆయనకు మసిగుడ్డతో పని పడలేదు, అంతే.

గురువారం పదిహేడో నంబరు పిల్ల బడికి రాలేదు. పిల్లకు బదులు నాయనమ్మ వచ్చింది. చేతికర్రతో గడప తడుముకుంటూ సైన్సు గదిలోకొచ్చి, మూలన నిలబెట్టిన అస్థిపంజరం బొమ్మకు ఎదురుగా ఆగింది.

"ఏం బాబూ, గాలి మాస్టారివి నువ్వేనా?"

"నేనమ్మా, ఇటు," అన్నాడాయన బల్ల దగ్గర నుంచి.

"ఇటున్నావా? అదీ నీలాగే ఉలకదు పలకదు." ఆమె ఆయన గొంతు వినపడిన వైపు తిరిగింది. "మా పిల్లను దొంగన్నావట."

"దొంగ అనలేదమ్మా. మసి పూసి తెచ్చిందని..."

"ఓహో, మెత్తగా అన్నావన్నమాట."

ఆయన కుర్చీ చూపించాడు. ఆమెకు కనపడలేదు. కనపడినా కూర్చునేటట్టు లేదు.

"చూడు నాయనా. అది అబద్ధమాడితే చెంప పగలగొట్టడానికి నేనున్నాను. నువ్వాడితే పగలగొట్టడానికి నీకెవరున్నారు?"

ఊరికే నోటికొచ్చినట్టు అన్న మాటే. ఆమెకు ఆయన ఇంటి సంగతి తెలియదు. అయినా ఆయన బల్ల మీది రిజిస్టరు మూసేశాడు.

"వాళ్ళమ్మను రమ్మనండి, మాట్లాడతాను," అన్నాడు.

"అంత దూరం నుంచి రాలేదు లే. పోయి నాలుగేళ్ళయింది. మా అబ్బాయి లారీ మీద తిరుగుతాడు, నెలకోసారి ఇంటికొస్తాడు. ఉండేది నేను, అది. నాకు చూపానదు, దానికి తీరదు. నువ్వేమో పొయ్యి మీద పట్టిందంటావు. మా ఇంట్లో ఉన్నది కరెంటు పొయ్యి. మంటే లేనిదానికి మసెక్కడిది? సాయంత్రం వచ్చి నీ కళ్ళతో చూడు. నీకవి బాగానే ఉన్నాయిగా?"

కర్ర తాటించుకుంటూ వెళ్ళిపోయింది. టీచరమ్మ బోర్డు తుడుస్తూ అంది, "వెళ్ళండి సార్. వెళ్తే పోయేదేముంది?"

పోయేదేముందో ఆయనకే తెలుసు. అయినా వెళ్ళాడు.

వీధి మొదట్లోనే దర్జీ భార్య అడ్డం పడింది. గుమ్మంలో కూర్చుని గుండీలు కుడుతోంది. పళ్ళ మధ్య దారం పెట్టుకునే పలకరించింది.

"మాస్టారూ! మా వాడి అట్టకు ఎన్ని మార్కులొచ్చాయి?"

"మార్కులేంటమ్మా?"

"అదే, పోటీ పెట్టారుగా. మావాడికి ఫస్టు రాకపోతే ఒప్పుకోను. రోజూ పొద్దున్నే విప్పి, తుడిచి, మళ్ళీ ఆ జిడ్డు పూసి కట్టాను. మధ్యలో రెండు రోజులు జ్వరమొచ్చింది. అయినా మానలేదు."

"తుడిచారా?"

"తుడవకపోతే? తెల్లారేసరికి బొగ్గులా అయిపోతుంటే! మీరు దాన్ని బల్ల మీద పెట్టి, ఇది దర్జీ వాళ్ళ వంటింటిది అని పదిమందికీ చూపిస్తారు. నా పరువేం కావాలి?"

"ముట్టుకోవద్దని చెప్పానుగా పిల్లలకు."

"పిల్లలు ముట్టుకోలేదండీ. నేనేగా ముట్టుకున్నది."

పక్కిల్లు కరెంటు మెకానిక్‌ది. వాళ్ళు అట్టను బట్టల బీరువాలో దాచి, పదో రోజున తీసి పంపారు. పిల్లలు పాడుచేస్తారని భయమట. ఆ పైఇంట్లో నర్సు ఉంటుంది. ఆమె సర్టిఫికెట్‌కు తొడిగినట్టు అట్టకు ప్లాస్టిక్ కవరు తొడిగి కిటికీకి కట్టింది. "దుమ్ము పడకూడదని," అంది. ఇంకో రెండు గుమ్మాలు ఎక్కి దిగాడు. తుడిచారు. కడిగారు. ఒకావిడ కడిగితే తడిసి చిరిగిందని వేరే అట్ట కోసి, ముప్పై రెండేళ్ళు ల్యాబ్ అటెండరుగా చేసిన ఆయన చేతిరాతను అచ్చు దింపి నంబరు వేసింది.

ఎవరూ మోసం చెయ్యలేదు. ఎవరి గుమ్మం పరువు వాళ్ళు కాపాడుకున్నారు. ఆయన చేసిందీ అదే. కాకపోతే వాళ్ళెవరూ దాన్ని సైన్సని రిజిస్టరులో రాయలేదు.

ఆయన చేరేసరికి పదిహేడో నంబరు పిల్ల తన ఇంటి వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. ఆయన్ను చూసి కుళాయి కట్టేసింది గానీ, రండి అనలేదు. గట్టు మీద కరెంటు పొయ్యి ఉంది, పళ్ళెంలా చదునుగా. కిటికీ బయట ఒక అట్ట గాలికి ఊగుతోంది.

"అదెక్కడిది?"

"నేనే చేశాను సార్. నోటుబుక్కు అట్ట. వాజెలిన్ లేదు, వంటనూనె పూశాను. నిన్న సాయంత్రం ఆరింటికి కట్టాను."

అట్ట మూలన పదిహేడు అని, దాని కింద 'రెండోసారి' అని రాసి ఉంది. గాలిలో ఇంకా నిండా ఒక రోజైనా లేదు అనుకున్నాడు. గళ్ళ కాగితం పరిచి వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు.

"ఇరవై ఆరు," అన్నాడు చివరికి.

"ఇరవై ఎనిమిది సార్. గడి అంచు మీద రెండున్నాయి, మీరు వదిలేశారు."

"నీకు భూతద్దం ఎక్కడిది?"

ఆ పిల్ల గట్టు మీద ఉన్న గాజుసీసా చూపించింది. గుండ్రటి సీసా, నిండా నీళ్ళు. దాన్ని అట్ట మీద పట్టి లెక్కపెట్టిందట. ఆయన ఆ సీసాలోంచి చూశాడు. నలుసులు ఆవగింజలంత కనపడ్డాయి.

క్షమించు అనే మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. నలభై ఏళ్ళ కాపురంలో ఒక్కసారీ బయటికి రాని మాట. ఇప్పుడూ రాలేదు.

"రేపు బడికి రా," అన్నాడు.

"మీ ఇంటిది నిజంగా ఐదేనా సార్? మీ ఇల్లు మాకంటే ఫౌండ్రీకి దగ్గర కదా."

ఆయన భూతద్దం జేబులో వేసుకుని మెట్లు దిగాడు. వెనక నుంచి ముసలమ్మ గొంతు వినపడింది.

"ఏమన్నాడే?"

"ఏమీ అనలేదు నాయనమ్మా."

"అనడు. విసరడమే వచ్చు వాడికి, ఏరుకోవడం రాదు."

శుక్రవారం తెల్లవారుజామున కొలిమికి గాలి ఊదే బ్లోయరు మోత మొదలయ్యేసరికి ఆయన మెలకువగానే ఉన్నాడు. వంటింట్లోకి వెళ్ళి కిటికీ తీశాడు. మబ్బు వెలుగులో ఏమీ కనపడలేదు. గట్టు మీద తెల్లకాగితం పరిచి, దాని మీద చేయి పెట్టి అరగంట నిలబడ్డాడు. చేయి తీశాక కాగితం మీద తెల్లటి అరచేయి మిగిలింది.

ఆయన భార్య లేచేది ఈ వేళకే. ఆయన పక్క మీద నుంచే చప్పుళ్ళు వినేవాడు. బకెట్టు కింద పెట్టడం, గుడ్డ పిండిన నీళ్ళు, కిటికీ రెక్క కిర్రుమనడం, గట్టు మీద గుడ్డ రాపిడి. తర్వాత దగ్గు. "అస్తమానం ఆ దుమ్ము కెలుకుతావు. అందుకే ఆ దగ్గు. మానెయ్యరాదూ?" అనేవాడు ఇటు తిరిగి పడుకుంటూ. "నువ్వు పడుకో," అనేది ఆమె. ఆరున్నరకు ఆయన లేచేసరికి గట్టు తెల్లగా ఉండేది. ఈ ఇంట్లో కాపురమున్న ఇరవై రెండేళ్ళూ తెల్లగానే ఉంది. ఈ వీధి గాలికేం, బంగారంలాంటి గాలి అని ఆయన నలుగురికీ చెప్పుకోవడానికి అదే ఆధారం. ఆమె పోయాకే ఆయనకు ఫౌండ్రీ కనపడింది. అప్పుడు కూడా పొగగొట్టమే కనపడింది. గుడ్డ కనపడలేదు.

మేకు మీది గుడ్డను తీశాడు. అప్పడంలా బిగుసుకుపోయింది. మేకు గుచ్చుకున్న చోట మాత్రం కాస్త తెలుపు ఉంది. విప్పబోతే మడత దగ్గర పెళపెళలాడింది. ఆ రోజు ఆమె గట్టు తుడిచింది. గుడ్డ ఉతకడానికి ఊపిరి చాలలేదు.

బడికి అందరికంటే ముందు వెళ్ళాడు. చెత్తబుట్ట ఖాళీ. ఊడ్చే ఆమె వరండాలో చీపురు కొడుతోంది.

"బుధవారం బుట్టలో ఒక అట్ట వేశానమ్మా."

"కాగితాల చెత్త ఏ రోజుది ఆ రోజు వెనక తగలబెడతానుగా సార్."

గాలి పాఠం చెప్పే బడి వెనక గోడకు నల్లటి మచ్చ ఉంది. ఆయన రోజూ ఆ గోడ పక్క నుంచే వస్తాడు.

తరగతి నిండింది. పదిహేడో నంబరు పిల్ల చివరి బెంచీలో కూర్చుంది. ఆయన ఏ ముందుమాటా లేకుండా మొదలుపెట్టాడు.

"ముప్పై రెండో అట్ట ఐదు కాదు. నల్లగా ఉంది. నేను తుడిచి ఐదు చేశాను. పదిహేడో అట్ట నిజమైనది. దాన్ని నేను పారేశాను. తగలబడిపోయింది."

ఎవరూ నవ్వలేదు. దర్జీ కొడుకు మాత్రం నోరు తెరిచి టీచరమ్మ వైపు చూశాడు, ఇప్పుడు సారును కొడతారా అన్నట్టు.

ఆయన రిజిస్టరు తెరిచి, 'చెల్లదు' అన్న మాట మీద స్కేలు పెట్టి గీత కొట్టాడు. ముప్పై రెండు ఎదుట ఉన్న ఐదు మీద కూడా కొట్టాడు. తర్వాత సంచిలోంచి గుడ్డ తీసి బల్ల మీద పెట్టాడు. పెట్టినప్పుడు చెక్కముక్క చప్పుడయింది.

"మీ అమ్మలు పొద్దున్నే కిటికీ తుడిచే గుడ్డ ఉంటుంది. రేపు తుడిచాక ఉతకొద్దని చెప్పండి. అలాగే తీసుకుని వార్డు ఆఫీసుకు రమ్మనండి."

"మసిగుడ్డా సార్?" ఎవరో ముక్కు మూసుకున్నారు.

"మసిగుడ్డే."

పిల్లలు వెళ్ళాక టీచరమ్మ గొంతు తగ్గించి అంది, "మురికి అట్ట పంపడానికే సిగ్గుపడ్డవాళ్ళు మసిగుడ్డ పట్టుకుని నలుగురిలోకి వస్తారా సార్? పైగా... బుధవారం లెక్కల నకలు నేను అదే రోజు పంపేశాను. మీ ఆఫీసుకొకటి, వార్డు ఆఫీసుకొకటి. గడువు ఆ రోజే కదా."

శనివారం సమావేశంలో ఆ నకలు ఫౌండ్రీ యజమాని చేతిలో ఉంది. తెల్ల చొక్కా, మెత్తటి మాట. లేచి నిలబడి అందరికీ నమస్కారం పెట్టాడు.

"మాస్టారంటే మా వీధికి పెద్దదిక్కు. ఆయన లెక్కను నేను కాదంటానా? ముప్పై ఇళ్ళు, ఒక్కటీ ఆరు దాటలేదు. ఆయన సొంత ఇల్లు, మా గోడకు నాలుగిళ్ళ అవతల, ఐదు. ఇంక నేను చెప్పేదేముంది?"

బల్ల వెనక ఐదుగురు సభ్యులు, పక్కన గుమాస్తా, చివర ఆరోగ్యశాఖ అధికారి. గాలి మాస్టారు లేచాడు. వెనక కుర్చీల్లో పిల్ల, నాయనమ్మ, టీచరమ్మ. మరో పదిమంది ఆడవాళ్ళు సంచులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. సంచుల్లో ఏముందో తెలియదు.

"ఆ ఐదు అబద్ధం," అన్నాడు. "రాసింది నేనే."

అట్టను ఎలా తుడిచాడో, గడ్డం గీసుకునేంతసేపు ఎలా కట్టాడో, ఉన్నదున్నట్టు చెప్పాడు. అధికారి పెన్ను కదలడం ఆగింది. పిల్ల తెచ్చిచ్చిన నూనె అట్టను బల్ల మీద పెట్టాడు. గుడ్డను దాని పక్కన పెట్టాడు.

యజమాని జాలిగా నవ్వాడు. "మాస్టారూ, ఏమనుకోకండి. అది మీ ఇంటి మురికి."

"మా ఇంటి మురికే. మా ఆవిడ రోజూ తుడిచేది. ఆమె పోయాక తుడిచేవాళ్ళు లేరు. ఈ పిల్ల ఇంట్లోనూ లేరు. అందుకే ఈ రెండిళ్ళే నల్లగా ఉన్నాయి. మిగతా ఇళ్ళు తెల్లగా ఎందుకున్నాయో వాళ్ళనడగండి."

ఎవరూ లేవలేదు. ముసలమ్మ కర్రతో ముందు కుర్చీని పొడిచింది. ఆ కుర్చీలో దర్జీ భార్య ఉంది.

"లేవవే. నాకైతే కళ్ళు లేవు. మీకు కాళ్ళు కూడా లేవా?"

దర్జీ భార్య లేచి, తలొంచుకుని, సంచిలోంచి గుడ్డ తీసి బల్ల చివర పెట్టి, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్ళి కూర్చుంది. నర్సు తెచ్చింది. మెకానిక్ భార్య తెచ్చింది. మొత్తం తొమ్మిది. ముప్పై ఒక్క ఇళ్ళకు తొమ్మిది. నర్సు పక్కన కూర్చున్న ఒకావిడ మాత్రం తన సంచిని ఇంకాస్త గట్టిగా ఒళ్ళోకి లాక్కుంది.

సభ్యులు తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకున్నారు. రెండో కొలిమి కాగితం నెల రోజులు పక్కన పెడతామన్నారు. యంత్రాన్ని సోమవారం నుంచి వీధిలోనే ఉంచాలి, తెల్లవారుజామున నాలుగింటికే లెక్క తియ్యాలి అన్నారు. అంతవరకు బాగానే ఉంది.

అధికారి గొంతు సవరించుకున్నాడు. "ఇంకో సంగతి. తప్పుడు అంకె రాశానని మీరే ఒప్పుకున్నారు. ఇక ఆ యంత్రం పెట్టె మీ చేతిలో ఉంచడం కుదరదండీ. మాకూ పైవాళ్ళున్నారు."

"కుదరదు," అన్నాడు గాలి మాస్టారు. తానైనా అదే చేసేవాడు. పెట్టె తాళంచెవి జేబులోంచి తీసి టీచరమ్మ చేతిలో పెట్టాడు. పదింటికి వెళ్ళవలసిన చోటు, నాలుగింటికి తిరిగి రావలసిన చోటు రెండూ దాంతోపాటే పోయాయి.

గుమాస్తా గుడ్డల్ని ఒక్కోటి కవరులో వేసి చీటీ అంటిస్తున్నాడు. బిగిసిన గుడ్డ దగ్గర ఆగాడు. అది కవరులో పట్టడం లేదు.

"ఇది ఎవరిదండీ?"

"మా ఆవిడది."

"మీ పేరు రాసుకోనా?"

"నా పేరొద్దు. ఆమెదే రాయండి." ఆమె పేరు చెప్పాడు. మూడేళ్ళుగా నోట్లోంచి రాని పేరు. గుమాస్తాకు సరిగా వినపడక రెండోసారి చెప్పించాడు.

"తిరిగి ఇస్తారా?"

"ఫైలులోకి వెళ్ళింది తిరిగి రాదండీ."

మెట్ల కింద పిల్ల నిలబడి ఉంది, నాయనమ్మ చేయి పట్టుకుని. ఆయన ఆగాడు. ఈసారి మాట తడబడుతూనైనా బయటికొచ్చింది.

"తప్పు నాదేనమ్మా."

"అవును సార్," అంది పిల్ల. "నా మొదటి అట్ట ఉంటే బాగుండేది. అదే అన్నిటికంటే నల్లగా ఉండేది," అంది.

ఇద్దరూ వెళ్ళిపోయారు. పిల్ల వెనక్కి తిరిగి చూడలేదు. ఆయన కూడా చూడాలని కోరుకోలేదు.

ఆదివారం తెల్లవారుజామున బ్లోయరు మోత మొదలైంది. వీధి పొడవునా బకెట్ల చప్పుడు, కిటికీ రెక్కల చప్పుడు వినిపించాయి. ఇన్నేళ్ళుగా రోజూ వినిపిస్తున్నవే. ఆయన లేచి పాత చొక్కా ఒకటి నడిమికి చించాడు. బకెట్టులో నీళ్ళు పట్టి, గుడ్డ తడిపి పిండాడు. పిండటం రాలేదు, మోచేతిదాకా నీళ్ళు కారాయి. కిటికీ తీసి గట్టు ఈ చివర నుంచి ఆ చివరిదాకా తుడిచాడు. దగ్గొచ్చింది. ఆగి, దగ్గి, మళ్ళీ తుడిచాడు.

ఆరున్నరకు గట్టు తెల్లగా ఉంది. నిద్ర లేచి చూడటానికి లోపల ఎవరూ లేరు.

గుడ్డ ఉతకబోయి ఆగాడు. ఉన్నదాన్ని ఉన్నట్టే తీసుకెళ్ళి తలుపు వెనక ఖాళీ మేకుకు తగిలించాడు.